టీమ్ మోటివేషన్: బిర్యానీతో వచ్చేదెంత, రానిదెంత? (అపోహలు - వాస్తవాలు)

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు నడపడం మొదలుపెట్టి 14 ఏళ్లయింది. "మీ టీమ్‌ని కాస్త మోటివేట్ చెయ్యండి" అని పైవాళ్లు ఎన్నిసార్లు అన్నారో లెక్కలేదు. ఆ మాట వచ్చిందంటే రిలీజ్ (సాఫ్ట్‌వేర్‌ని వాడకంలోకి వదిలే రోజు) దగ్గరపడిందని, పని వెనకబడిందని అర్థం. మొదట్లో నేనూ అందరూ చేసేదే చేసేవాణ్ణి. ఒక మీటింగ్, ఒక ఉపన్యాసం, శనివారం బిర్యానీ. చాలా ఆలస్యంగా అర్థమైంది: చేరిన రోజు ఎవరూ నీరసంగా రారు. తెచ్చుకున్న హుషారు ఎక్కడ కారిపోతోందో చూడకుండా పైనుంచి నీళ్లు పోస్తూ కూర్చుంటాం మనం.

అపోహ: జీతం పెంచితే అన్నీ సర్దుకుంటాయి

ముందు ఒకటి ఒప్పుకోవాలి. డబ్బు ముఖ్యం కాదని చెప్పేవాళ్లకి సాధారణంగా డబ్బుకి లోటుండదు. ఇంటి లోన్‌కి ఈఎంఐ కట్టేవాడికి హైక్ ఎంతన్నది పెద్ద విషయమే. దానికి తోడు మా రంగంలో ఒక పాత పుండు ఉంది. ఐదేళ్లుగా ప్రాజెక్టుని మోస్తున్నవాడి కంటే నిన్న చేరినవాడికి జీతం ఎక్కువ. అది క్యాంటీన్‌లో బయటపడిన రోజు ఏ మేనేజర్ మాటా ఎక్కదు. ఆ తేడాని సరిచేయడానికి హెచ్‌ఆర్‌తో పోట్లాడటం మన పనే.

వాస్తవం ఏమిటంటే, జీతం సరిగా లేకపోతే మనిషి రగిలిపోతాడు, సరిగా ఉంటే దాని సంగతి మర్చిపోతాడు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ పిట్స్‌బర్గ్ ప్రాంతంలో సుమారు 200 మంది ఇంజినీర్లను, అకౌంటెంట్లను అడిగి 1959లో చెప్పింది దాదాపు ఇదే. అసంతృప్తికి కారణాలు వేరు (జీతం, కంపెనీ రూల్స్, పైఅధికారి తీరు), తృప్తికి కారణాలు వేరు (సాధించిన పని, గుర్తింపు, బాధ్యత, ఎదుగుదల). ఆయన పద్ధతి మీద తర్వాత చాలా విమర్శలు వచ్చాయి. నిజమే, జీతాన్ని అంత తేలిగ్గా ఒక గూట్లో పెట్టలేం. కానీ ఏప్రిల్‌లో హైక్ లెటర్ అందుకున్నవాడి ముఖం జూన్‌లో చూస్తే ఆయన పూర్తిగా తప్పనిపించదు.

ఇంకో ప్రయోగం నాకు ఆలస్యంగా తెలిసింది. 1971లో మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ డెసి ప్రచురించినది. విద్యార్థులకు ముక్కలు కూర్చే పజిల్ ఇచ్చారు. కొందరికి మధ్యలో, పూర్తిచేసిన ఒక్కోదానికి ఒక డాలర్ ఇచ్చి, తర్వాత ఆపేశారు. డబ్బు ఆగాక వాళ్లు ఖాళీ సమయంలో పజిల్‌ని ముట్టుకోవడం తగ్గింది. సరదాగా చేసే పని కూలి పనిలా మారిపోయిందన్నమాట. ముందే తెలిసుంటే మా టెస్టర్లకి, పట్టుకున్న ఒక్కో బగ్‌కి (సాఫ్ట్‌వేర్‌లో తప్పుకి) ఇంత అని గిఫ్ట్ వోచర్లు పెట్టేవాణ్ణి కాదు. నెల తిరక్కుండానే ఒక్క బగ్ మూడు ముక్కలై మూడు టికెట్లుగా (విడివిడి ఫిర్యాదులుగా) రావడం మొదలైంది. తప్పు టెస్టర్లది కాదు, ఆట రూల్ పెట్టింది నేను.

అపోహ: బిర్యానీ, రిసార్ట్ ట్రిప్ ఉంటే టీమ్ హుషారుగా ఉంటుంది

ఒక రిలీజ్ కోసం ఆరు శనివారాలు వరసగా అందర్నీ ఆఫీసుకి పిలిచాను. బిర్యానీకి మాత్రం ఏ లోటూ చేయలేదు. నాలుగో శనివారం ఒక కుర్రాడు నెమ్మదిగా అన్నాడు: "అన్నా, బిర్యానీ వద్దులే. ఏడింటికి ఇంటికి పంపించు. పాప పడుకునేలోపు వెళ్తా."

టీమ్‌తో కలిసి తినడం మంచిదే, నాకూ ఇష్టమే. అయితే తీసుకున్న శనివారానికి బదులుగా అది సరిపోదు. వాళ్ల సెలవు మనం తీసుకుంటే సెలవే తిరిగివ్వాలి. రిసార్ట్ ట్రిప్ కూడా ఆదివారం పెడితే, పిల్లలున్నవాళ్లకి అది ఇంకో డ్యూటీ.

అపోహ: నలుగురిలో మెచ్చుకుంటే చాలు

ఇది కొంత నిజం కాబట్టే ఎక్కువ మోసం చేస్తుంది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో తెరెసా అమాబిలే బృందం 7 కంపెనీల్లోని 26 ప్రాజెక్టు టీమ్‌ల నుంచి 238 మంది చేత రోజూ డైరీ రాయించింది. దాదాపు 12,000 ఎంట్రీలు వచ్చాయి. మనసు బాగున్న రోజుల్లో ఏం జరిగిందని చూస్తే, అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది ఒకటే: ఆ రోజు పని కొంత ముందుకు కదిలింది. హుషారు బాగా ఉన్న రోజుల్లో 76 శాతం అలాంటివే. అదే 600 మందికి పైగా మేనేజర్లను ఏది ముఖ్యమని అడిగితే మెచ్చుకోలుని పైన పెట్టి, పని కదలడాన్ని అట్టడుగున పెట్టారు.

ఇది చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఒక బ్యాంకింగ్ ప్రాజెక్టు. స్టాండప్‌లో (రోజూ జరిగే చిన్న టీమ్ మీటింగ్‌లో) అందరూ ముక్తసరిగా మాట్లాడేవాళ్లు, కెమెరాలు ఆఫ్. "టీమ్‌లో ఎనర్జీ లేదు" అని నేనే రిపోర్ట్ రాశాను. అసలు సంగతి వేరే. టెస్ట్ సర్వర్ రోజూ మధ్యాహ్నం పడిపోయేది. డేటాబేస్ యాక్సెస్ కోసం పెట్టిన రిక్వెస్ట్ 11 రోజులుగా ఎవరో అప్రూవ్ చేయాల్సి ఉంది. రాసిన కోడ్ పనిచేస్తోందో లేదో చూసుకునే దారి లేకుండా మనిషికి ఎనర్జీ ఎక్కడినుంచి వస్తుంది? మెయిల్స్ మానేసి సర్వర్ల టీమ్ ఉండే ఫ్లోర్‌కి వెళ్లి కూర్చున్నాను. రెండు రోజులు వాళ్ల టీ తాగాను. మూడో రోజుకి యాక్సెస్ వచ్చింది, వారానికి సర్వర్ కుదుటపడింది. నేను ఎవర్నీ మెచ్చుకోలేదు, ఏ ఉపన్యాసమూ ఇవ్వలేదు. స్టాండప్‌లో జోకులు వాటంతట అవే వచ్చాయి.

అప్పటినుంచి స్టాండప్‌లో "ఏం చేశావ్?" కంటే ముందు "ఎక్కడ ఆగింది?" అని అడుగుతాను. వచ్చిన జవాబుల్లో ఒక్కదాన్నైనా ఆ రోజే నా నెత్తిన వేసుకుంటాను. అలా చేయకపోతే రెండోసారి ఎవరూ చెప్పరు.

అపోహ: టెన్షన్ పెడితేనే పని కదులుతుంది, ఇంకా కదలకపోతే మనుషుల్ని కలపాలి

డెడ్‌లైన్ ఉండాలి. అది లేకపోతే నేనూ ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు. కానీ పనిచేసేవాళ్లని అడగకుండా పైన ఒప్పుకొచ్చిన తేదీకి టీమ్ తలూపుతుందే తప్ప నమ్మదు. నమ్మని తేదీ కోసం ఎవరూ మనసుపెట్టి పనిచేయరు.

ఇక కొత్తవాళ్లని కలపడం. ఐబీఎం సిస్టమ్/360 కంప్యూటర్ల అభివృద్ధిని నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే చెప్పాడు, ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకి మనుషుల్ని కలిపితే ఇంకా ఆలస్యమవుతుందని. లెక్క వేసి చూడండి. 8 మంది ఉంటే ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సిన జతలు 28, 12 మంది అయితే 66. బెంచ్ మీదున్న (ఏ ప్రాజెక్టూ లేకుండా ఖాళీగా ఉన్న) నలుగురిని తెచ్చి పడేస్తే పాతవాళ్లు పని ఆపి వాళ్లకి నేర్పాలి. ఇందులో మోటివేషన్ సంగతి ఏంటంటారా? "మా వల్ల కావట్లేదని వాళ్లని తెచ్చారు" అన్న అవమానం పాతవాళ్లకి మిగులుతుంది. అది ఏ ప్లాన్‌లోనూ కనిపించదు.

అపోహ: ఎవరూ ఫిర్యాదు చేయట్లేదంటే అంతా బాగున్నట్టే

మా దగ్గర పుచ్చకాయ స్టేటస్ అంటారు. రిపోర్ట్‌లో పైకి పచ్చ, కోస్తే లోపలంతా ఎరుపు. తప్పు చెప్పినవాణ్ణి మొదటిసారి కాల్‌లో అందరి ముందు నిలదీసిన రోజే ఆ పంట మొదలవుతుంది.

హార్వర్డ్ పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1990ల్లో ఆసుపత్రుల్లో మందుల పొరపాట్ల మీద పరిశోధన చేసినప్పుడు, బాగా కలిసి పనిచేసే నర్సుల బృందాల్లోనే పొరపాట్లు ఎక్కువగా నమోదైనట్టు తేలింది. మొదట ఆమెకే అర్థం కాలేదు. తీరా చూస్తే వాళ్లు ఎక్కువ తప్పులు చేయట్లేదు, భయం లేకుండా బయటికి చెబుతున్నారు. నా దగ్గరకొచ్చి "రాత్రి ప్రొడక్షన్‌లో (కస్టమర్లు వాడే అసలు సిస్టమ్‌లో) తప్పు స్క్రిప్ట్ నడిపాను" అని పొద్దున్నే చెప్పే మనిషి ఉంటే, ఆ టీమ్ గురించి నాకు భయం లేదు.

అపోహ: పోటీ పెడితే అందరూ మెరుగవుతారు

బెల్ కర్వ్ (రేటింగ్‌ల్లో ఇంతమంది పైన, ఇంతమంది అడుగున ఉండాలని ముందే పెట్టుకునే లెక్క) చూసినవాళ్లకి వివరించక్కర్లేదు. పదిమందిలో ఒకరు అడుగున ఉండాల్సిందేనని తెలిశాక పక్కవాడికి ఎవరు సాయం చేస్తారు? మైక్రోసాఫ్ట్ ఇలాంటి పద్ధతిని 2013లో వదిలేసింది.

అపోహ: రాజీనామా చేస్తే అప్పుడు కూర్చోబెట్టి మాట్లాడొచ్చు

నోటీస్ పీరియడ్ మూడు నెలలుంటుంది కదా, ఈలోగా మనసు మార్చొచ్చులే అనుకుంటాం. ఒక టెస్టర్ రాజీనామా ఇచ్చినప్పుడు నేను అదే ధీమాతో ఉన్నాను. జీతం పెంచుతానన్నాను, వేరే ప్రాజెక్టు ఇస్తానన్నాను. ఆమె మర్యాదగా విని, "లేదండీ, ఆటోమేషన్ (టెస్టింగ్‌ని ప్రోగ్రామ్‌లతో చేయించే) పని ఉన్న చోట చేరుతున్నాను" అంది. ఆ మాట నాకు ముందే చెప్పి ఉండాల్సిందనిపించి, కొంచెం కోపం కూడా వచ్చింది. సాయంత్రం ఆమెతో జరిగిన వన్ ఆన్ వన్ మీటింగ్‌ల నోట్‌బుక్ తీశాను. "ఆటోమేషన్ నేర్చుకోవాలని ఉందట" అని ఉంది. మార్చిలో ఒకసారి, జులైలో ఒకసారి. రెండూ నా చేతిరాతే.