కాలి ఎముక నుంచి దవడకు వచ్చిన అల్ట్రాసౌండ్

చెంప మీద జెల్ రాసి, తరంగాలు పంపే చిన్న ప్రోబ్‌ను దవడ ఎముకకు ఆనించి రోజుకు 20 నిమిషాలు కదలకుండా పట్టుకోవాలి. నొప్పి ఉండదు, వేడీ తెలియదు. సర్జరీ తర్వాత దవడ ఎముక త్వరగా అతుక్కోవడానికి వాడి చూస్తున్న తక్కువ తీవ్రత అల్ట్రాసౌండ్ ఇదే. 1.5 మెగాహెర్ట్జ్ తరంగాలు, సెకనుకు వెయ్యి పల్సులు, చదరపు సెంటీమీటరుకు 30 మిల్లీవాట్లు: పరిశోధనల్లో ఎక్కువగా కనిపించే మోతాదు ఇది. దవడ కోసం లెక్కగట్టింది మాత్రం కాదు.

1950ల నాటికే కండరాల నొప్పులకు అల్ట్రాసౌండ్ వాడేవారు. ఎముక దగ్గరికి వచ్చేసరికి డాక్టర్లు వెనకాడేవారు, తీవ్రత ఎక్కువైతే ఆ వేడికి ఎముకే దెబ్బతింటుందని. ఆ దశాబ్దంలోనే ఇటలీలో కుందేళ్ల మీద చేసిన ప్రయోగాలు కొంత ఆశ కలిగించాయి. 1957లో జపాన్ శాస్త్రవేత్తలు ఫుకాడా, యసుడా ఎముక మీద ఒత్తిడి పడితే విద్యుత్తు పుడుతుందని చూపించారు. సన్నని తరంగాల తాకిడి కూడా ఎముకను మేల్కొల్పవచ్చన్న ఆలోచనకు అది ఊతమిచ్చింది. 1983లో బ్రెజిల్‌కు చెందిన దువార్తె, వేడి పుట్టించనంత తక్కువ తీవ్రతతో ఎముక పెరుగుదలను ప్రేరేపించవచ్చని ప్రకటించారు.

అసలు మలుపు 1994లో వచ్చింది. అమెరికాలో మోకాలి కింది పెద్ద ఎముక విరిగిన 67 కేసుల్లో ఈ మోతాదును పరీక్షించారు. మామూలుగా 154 రోజులు పట్టిన మానుదల 96 రోజుల్లో పూర్తయిందని తేలింది. అదే ఏడాది అక్కడి మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ పరికరానికి అనుమతి ఇచ్చింది. 1997లో మణికట్టు ఎముకల మీదా అలాంటి ఫలితమే వచ్చింది. దాంతో ఆ మోతాదు స్థిరపడిపోయింది.

దవడకు ఇంకో దారి కూడా ఉంది. నోటి కేన్సర్‌కు రేడియేషన్ ఇచ్చాక రక్తనాళాలు దెబ్బతిని కింది దవడ ఎముక చచ్చుబడటం మొండి సమస్య. పన్ను పీకిన చోట పుండు మానదు, లోపలి ఎముక బయటికి కనబడుతుంది. 1992లో బ్రిటిష్ సర్జన్ మాల్కం హారిస్ ఇలాంటివారికి 3 మెగాహెర్ట్జ్ అల్ట్రాసౌండ్‌ను రోజుకు 15 నిమిషాల చొప్పున 40 సిట్టింగులు ఇచ్చారు. తీవ్రత పల్సు సమయంలో చదరపు సెంటీమీటరుకు 1 వాట్, అంటే కాలికి వాడినదానికంటే చాలా ఎక్కువ. చచ్చిన ఎముకను శుభ్రం చేసి, అల్ట్రాసౌండ్ మాత్రమే ఇస్తే 21 కేసుల్లో 10 మానాయి. పోల్చి చూడటానికి చికిత్స ఇవ్వని గుంపు లేదు కాబట్టి దీన్ని రుజువనలేం. కానీ దవడను దృష్టిలో పెట్టుకుని మొదలైన ప్రయత్నం నా దృష్టిలో ఇదే. తర్వాత వచ్చినవాళ్లు మాత్రం ఎక్కువగా కాలి మోతాదునే అందుకున్నారు.

అదే 1992లో న్యూయార్క్ సర్జన్ మెకార్తీ బృందం పిల్లల కింది దవడను కోసి, రోజుకు కాస్తగా ఎడం చేస్తూ పొడిగించిన కేసులను ప్రచురించింది. ఈ పద్ధతిలో కొత్త ఎముక గట్టిపడేదాకా వారాల తరబడి లోహపు పరికరం మోయాలి. ఆ నిరీక్షణ తగ్గించడానికి అల్ట్రాసౌండ్‌ను రంగంలోకి దించారు. కుందేళ్లలో కొన్ని ఫలితాలు బాగున్నాయి. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ బృందం మాత్రం ఇదే పద్ధతిలో పెంచిన, పళ్లు లేని కింది దవడల మీద, కొందరికి అసలు పరికరం, కొందరికి పనిచేయని పరికరం ఇచ్చి చూసింది. ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ డాక్టరుకూ తెలియదు. పంటి ఇంప్లాంట్ పెట్టేటప్పుడు తీసిన ఎముక ముక్కల్లో తేడా కనబడలేదు. చిన్న అధ్యయనమే అయినా, ఎక్స్‌రే నీడల కంటే ఆ ముక్కలకే నేను ఎక్కువ విలువిస్తాను.

ఇంతలో పునాదే కదిలింది. 2016లో కాలి ఎముక విరిగిన 501 మందితో ట్రస్ట్ పేరుతో జరిగిన ట్రయల్‌లో అల్ట్రాసౌండ్ వల్ల ఎముక అతుక్కోవడంలో గానీ, మనిషి మామూలు పనుల్లో పడటంలో గానీ తేడా రాలేదు. 2017లో బ్రిటన్ వైద్య పత్రిక బీఎంజే నిపుణుల బృందం విరిగిన, కోసిన ఎముకలకు దీన్ని వాడొద్దని గట్టిగా సిఫార్సు చేసింది. మామూలు దవడకు రక్తప్రసరణ బాగా ఉంటుంది, విరిగినా సాధారణంగా కొన్ని వారాల్లోనే అతుక్కుంటుంది. కాబట్టి అక్కడ తొందరపెట్టడానికి మిగిలేది కూడా కొంచెమే. రేడియేషన్‌తో చచ్చుబడిన దవడ సంగతి ఆ సిఫార్సు పరిధిలోకి రాలేదు.