పాత మారుతిలో పాట: వాట్ల కంటే ముందు జంగు సంగతి

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ రోడ్ల మీద మారుతి 800లు ఇప్పటికీ కనిపిస్తాయి. 1983 డిసెంబరులో అమ్మకం మొదలై, 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన బండి అది. 796 సీసీ ఇంజను, మూడు సిలిండర్లు, పల్చటి రేకు. ఏపీ 24 నంబరుతో మూలన పడి ఉన్న అలాంటి కారును సొంతంగా బాగుచేసుకుందామనుకునే వాళ్లలో చాలామంది ముందు కోఠిలో గుజరాతీ గల్లీకి పోయి యాంప్లిఫయర్, ఊఫర్ బాక్సు తెచ్చుకుంటారు. రేకు పని, జంగు (తుప్పు) పని తర్వాత చూద్దాంలే అంటారు. నాకైతే ఈ వరుస తలకిందులనిపిస్తుంది. పాత కారులో పాటకు అందే కరెంటు ఆ జంగు పట్టిన రేకు గుండానే తిరిగి బ్యాటరీకి పోవాలి.

ముందు వాట్ల లెక్క. స్టీరియో డబ్బా మీద 50 వాట్లు, నాలుగు స్పీకర్లు అని ఉంటుంది. ఇంజను నడుస్తున్నప్పుడు కారు వైర్లలో ఉండేది దాదాపు 14.4 వోల్టులు. స్పీకరు నిరోధం 4 ఓమ్‌లు. వోల్టేజీని దానితోనే హెచ్చించి నిరోధంతో భాగిస్తే 52 వాట్లు వస్తాయి. డబ్బా మీది 50 పుట్టింది ఇక్కడే. కానీ ఆ 14.4 అనేది తరంగం శిఖరం దగ్గర మాత్రమే అందే వోల్టేజీ. పాటలోని తరంగం పైకి పోతుంది, కిందికి వస్తుంది. దాని సగటు బలం లెక్కగడితే 10 వోల్టుల చిల్లర, అంటే 26 వాట్లు. లోపలి చిప్పులో పోయేది పోగా స్పీకరుకు చేరేది 20కి అటూ ఇటూ. కంపెనీ ఏదైనా ఈ లెక్క మారదు.

యాంప్లిఫయర్ ఈ హద్దును దాటుతుంది. దానిలో చిన్న కన్వర్టరు ఉంటుంది. అది 12 వోల్టుల కరెంటును క్షణానికి వేల సార్లు తెంచి కలుపుతూ వోల్టేజీని పెంచుకుంటుంది. ఊరికే మాత్రం కాదు. నిజంగా 300 వాట్లిచ్చే పాత రకం యాంప్, బేస్ గట్టిగా కొట్టిన క్షణంలో బ్యాటరీ నుంచి 35 ఆంపియర్ల దాకా లాగుతుంది. క్లాస్ డి అనే పొదుపు రకం యాంప్ అయితే 25 చాలు. రెండు హెడ్‌లైట్లు కలిపి తీసుకునేదే దాదాపు 10 ఆంపియర్లు. డప్పు దెబ్బకొకసారి లైట్లు మినుకుమంటే కారణం ఇదే.

బ్యాటరీ నుంచి యాంప్‌కు కరెంటు తెచ్చే ఎర్ర వైరు మీద అందరూ శ్రద్ధ పెడతారు, అది మంచిదే. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 5 మీటర్లు లాగితే, 30 ఆంపియర్ల దగ్గర దాదాపు 0.65 వోల్టు దారిలోనే పోతుంది. 16 చదరపు మిల్లీమీటర్లదైతే పోయేది 0.16 వోల్టే. కరెంటును రేకు గుండా వెనక్కి పంపే నల్ల వైరును (ఎర్త్) మాత్రం దగ్గర్లో ఏ బోల్టు కనిపిస్తే దానికి బిగించేస్తారు. ఆ బోల్టు కింద పెయింటు ఉండొచ్చు, దాని కింద జంగు ఉండొచ్చు. ఐరన్ ఆక్సైడ్ల గుండా కరెంటు సరిగా పారదు. ఆ అతుకు దగ్గర ఓమ్‌లో ఇరవయ్యో వంతు నిరోధం ఉన్నా, 30 ఆంపియర్లకు ఒకటిన్నర వోల్టు మాయమవుతుంది. 45 వాట్ల వేడి ఆ ఒక్క చోటే పుడుతుంది. సోల్డరింగ్ ఐరన్‌ను బోల్టుకు ఆనించి వదిలేసినట్టే అన్నమాట.

ఇంజను రేస్ చేస్తే స్పీకర్లలో సన్నగా వినిపించే ఈల కూడా చాలాసార్లు ఇలాంటి చోటే పుడుతుంది. మన షెడ్లలో డైనమో అని పిలిచే ఆల్టర్నేటరు పుట్టించేది మూడు దశల ఏసీ కరెంటు. డయోడ్లు దాన్ని డీసీగా మార్చినా చిన్న అలలు మిగిలిపోతాయి. స్టీరియో ఎర్త్ ఒక చోట, యాంప్ ఎర్త్ ఇంకో చోట ఉండి, మధ్యలో వోల్టేజీ తేడా వస్తే, ఆ తేడా పాట మోసే సన్న కేబుల్ గుండా దారి వెతుక్కుంటుంది. ఇంజను వేగం పెరిగితే ఈల శ్రుతి పెరుగుతుంది. దుకాణంలో ఫిల్టర్ అమ్ముతారు. నేనైతే ముందు రేకు తెల్లగా మెరిసేదాకా గీకి, పొట్టి ఎర్త్ వైరు వేసి, బిగించాక పైన గ్రీజు పూసి చూడమంటాను.

ఇక జంగు. గాలిలో తేమ 60 శాతం లోపు ఉంటే ఇనుము చాలా మెల్లగా తుప్పు పడుతుంది. అందుకే సముద్రం పక్క కార్ల కంటే మన కార్లు నయం. కానీ ఎర్రమట్టి దుబ్బ తలుపు అడుగు రంధ్రాలను మూసేస్తే వాననీళ్లు లోపలే నిలుస్తాయి. కాలి మ్యాట్ల కింద, స్టెప్నీ గుంతలో కూడా అదే కథ. బ్యాటరీ కింది ట్రేను ఆసిడ్ తినేస్తుంది. అక్కడ తినే సోడా నీళ్లు పోసి ఆసిడ్‌ను చల్లార్చి, కడిగి, ఆ తర్వాతే పని మొదలుపెట్టాలి. తుప్పు ఇనుము కంటే చాలా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టే పెయింటు ఉబ్బుతుంది. దాని మీద లప్పం పెట్టి రంగు కొడితే లోపల తుప్పు తన పని తాను చేసుకుంటూ పోతుంది.

విప్పదగిన భాగాలకు ఇంట్లోనే చేయగల చక్కటి రసాయనం ఉంది. ప్లాస్టిక్ టబ్బులో బట్టల సోడా కలిపిన నీళ్లు పోసి, జంగు ముక్కను బ్యాటరీ ఛార్జరు నెగటివ్‌కు, పనికిరాని ఇనుప ముక్కను పాజిటివ్‌కు కలపాలి. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. కొన్ని గంటలకు తుప్పు వదులై బ్రష్షుతో రాలుతుంది. బుడగలుగా వచ్చేది హైడ్రోజన్, కాబట్టి ఆరుబయటే చేయాలి. పాజిటివ్ వైపు స్టీలు చెంచా పెట్టొద్దు, దానిలోని క్రోమియం విషపు రూపంలో నీళ్లలో కలుస్తుంది. విప్పలేని చోట గీకి, రస్ట్ కన్వర్టర్ పూస్తారు. దానిలో ఫాస్ఫారిక్ ఆమ్లమో టానిక్ ఆమ్లమో ఉంటుంది. టానిక్ ఆమ్లం తగిలిన తుప్పు నల్లగా మారడం, కరక్కాయ రసం ఇనుముతో కలిసి సిరాగా నల్లబడడం ఒకే చర్య.

పాటతో సంబంధం లేకపోయినా ఒక మాట. రేడియేటర్లో బోరు నీళ్లు పోయకండి. ఫ్లోరైడు వల్ల మన నీళ్లకు పేరు పడింది గానీ, ఇక్కడ ఇబ్బంది పెట్టేది కాల్షియం. కఠిన జలం వేడెక్కితే సున్నపు పొర కట్టి సన్న గొట్టాలను పూడుస్తుంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ చాలు.

తలుపుల సంగతి నాకు అన్నిటికంటే ఇష్టం, ఎందుకంటే పెద్ద ఖర్చు లేకుండా పెద్ద తేడా ఇక్కడే వస్తుంది. స్పీకరు కాగితం ముందుకు తోసినప్పుడు ముందు గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనక గాలి పల్చబడుతుంది. 50 హెర్ట్జ్ బేస్ తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. అంత పొడవు తరంగానికి రంధ్రాలున్న తలుపు రేకు ఒక అడ్డే కాదు. వెనక గాలి చుట్టూ తిరిగొచ్చి ముందు గాలిని రద్దు చేస్తుంది, బేస్ పోతుంది. లోపలి రేకు రంధ్రాలన్నీ మూసేస్తే అదే స్పీకరు, అదే స్టీరియోతో డప్పు వినపడడం మొదలవుతుంది. రేకు మోత ఆగడానికి బ్యూటిల్ షీటు (జిగురు రబ్బరు పొర) అంటించాలి. రేకంతా కప్పాల్సిన పని లేదు, వేలి కణుపుతో కొడితే టంగుమనే చోట్ల అంటిస్తే చాలు. డాంబరు షీటు చవక, కానీ 44, 45 డిగ్రీల మే నెల ఎండలో మెత్తబడి జారుతుంది, వాసనా వస్తుంది. ఒక్క జాగ్రత్త: తలుపు అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మాత్రం మూయకండి.

ఇంత చేశాక కూడా యాంప్ కావాలా? చెవికి శబ్దం రెట్టింపు అనిపించాలంటే వాట్లు సుమారు పది రెట్లు కావాలి. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్. 88 డెసిబెల్స్ సెన్సిటివిటీ (అదే వాట్లకు స్పీకరు ఎంత శబ్దం ఇస్తుందనే కొలత) ఉన్న స్పీకరు బదులు 91 ఉన్నది కొంటే అదే లాభం బ్యాటరీకి భారం లేకుండా వస్తుంది.

యాంప్ కొనేటట్టయితే దాన్ని వెనక అద్దం కింద పెట్టొద్దు, ఎండ నేరుగా అక్కడే పడుతుంది. సీటు కింద గాలి ఆడే చోటు మేలు. స్పీకరు లోపలి రాగి కాయిల్ కూడా వేడికి మారుతుంది. 100 డిగ్రీలు పెరిగితే 4 ఓమ్‌లు ఐదున్నరకు చేరి, అదే వోల్టేజీకి శబ్దం తగ్గుతుంది. తగ్గిందని వాల్యూమ్ ఇంకా పెంచితే కాయిల్ కాలుతుంది. ఎర్ర వైరుకు బ్యాటరీ నుంచి అడుగు దూరంలోపే ఫ్యూజు పెట్టి, ఇంజను వెనక రేకు దాటే చోట రబ్బరు తొడిగితే గానీ మొదటిసారి స్విచ్ వేయకండి.