తెరచాప ఓడలో ఒక సెమిస్టర్

ప్రియమైన పిల్లలకు,

మీ ఉత్తరం చేరింది. "పెద్దమ్మా, ఓడ మీద సెమిస్టర్ అంటే చదువా, టూరా? పరీక్షలుంటాయా? ఓడ నడపడం రాకపోతే ఎక్కనిస్తారా?" అని వరసపెట్టి అడిగారు. ఆఖరి ప్రశ్నకి ముందు జవాబు చెప్పేస్తాను. రాకపోయినా ఎక్కనిస్తారు. ఎక్కేవాళ్లలో చాలామంది అంతకుముందు తెరచాప తాడు ముట్టుకోనివాళ్లే. పరీక్షలుంటాయి, మార్కులుంటాయి, క్రెడిట్లూ ఉంటాయి. చదువా, టూరా అన్నదానికి మాత్రం కాస్త ఓపిగ్గా చెప్పాలి.

ఇలాంటి కోర్సులు ప్రపంచంలో కొన్ని ఉన్నాయి. వాటిలో పేరున్నది అమెరికాలో 1971లో మొదలై, తర్వాత మసాచుసెట్స్ తీరాన వుడ్స్ హోల్ అనే చిన్న ఊరికి చేరిన సీ ఎడ్యుకేషన్ అసోసియేషన్. దాన్ని పెట్టినాయన పేరే వాళ్ల ఓడల్లో ఒకదానికి ఉంది: కార్విత్ క్రామర్. అది 1987 నాటిది. 2001లో వచ్చిన రెండోది రాబర్ట్ సి. సీమన్స్. రెండూ 134 అడుగుల పొడవు, రెండు స్తంభాల బ్రిగంటైన్లు. ముందు స్తంభానికి అడ్డంగా కట్టిన చదరపు చాపలు, వెనక స్తంభానికి నిలువు చాపలు. వాళ్ల పాత పద్ధతిలో సెమిస్టర్ 12 వారాలు. సగం ఒడ్డున కూర్చుని ఓషనోగ్రఫీ (సముద్ర శాస్త్రం), నావిగేషన్ (దారి లెక్క కట్టడం) చదివి, ఎవరి ప్రాజెక్టు వాళ్లు ఎంచుకుంటారు. మిగతా సగం సముద్రం మీద.

అమెరికా చట్టంలో ఒక తమాషా ఉంది. 1982 నాటి సెయిలింగ్ స్కూల్ వెసెల్స్ చట్టం ప్రకారం ఇలాంటి ఓడ ఎక్కిన విద్యార్థి ప్రయాణికుడి కింద లెక్క కాదు, జీతానికి పనిచేసే నావికుడి కిందా లెక్క కాదు. విద్యార్థి, అంతే. అదొక ప్రత్యేక వర్గం. మీ ప్రశ్నకి ఇంతకంటే సూటి జవాబు నాకు దొరకదు. ప్రయాణికుడినైతే కూర్చోబెట్టి తీసుకెళ్తారు. మిమ్మల్ని కూర్చోబెట్టరు. తాడు లాగాలి, చుక్కాని పట్టాలి, అంట్లు తోమాలి, ఇంజన్ రూములోకి దిగి మీటర్లు చూసి రాసుకోవాలి. ఆ చట్టం ఎందుకొచ్చిందో తర్వాత చెప్తాను. మంచి కథ కాదది.

రాత్రయింది కదా అని ఓడ ఆగదు. నడిసముద్రంలో లంగరు వేద్దామన్నా అడుగు అందదు, కిలోమీటర్ల లోతు. అందుకని ఎవరో ఒకరు ఎప్పుడూ మేలుకొని నడపాల్సిందే. దానికోసం అందరినీ మూడు జట్లు చేస్తారు. రోజుని ఐదు ముక్కలు చేస్తారు: పొద్దున 7 నుంచి మధ్యాహ్నం 1, అక్కడి నుంచి సాయంత్రం 7, ఆ తర్వాత రాత్రి 11, తర్వాత 3, మళ్లీ పొద్దున 7. ఒక్కో ముక్కని వాచ్ అంటారు. వాచ్‌లు ఐదు, జట్లు మూడు. సరిగ్గా భాగం పోదు. కావాలనే అలా పెట్టారు. కాగితం మీద వేసి చూడండి. మొదటిరోజు పొద్దున 7కి ఎక్కిన జట్టుకి తర్వాతి వాచ్ ఆ రాత్రి 11కి వస్తుంది, రెండోరోజు మధ్యాహ్నం 1కి, మూడోరోజు తెల్లవారుజామున 3కి, అదే రోజు సాయంత్రం 7కి. నాలుగోరోజు పొద్దున మళ్లీ 7కి. 72 గంటల్లో 24 గంటల పని. ఒక జట్టుకి ఎప్పుడూ అర్ధరాత్రి, ఇంకో జట్టుకి ఎప్పుడూ పట్టపగలు అన్న పేచీ ఉండదు. క్లాసులు, హోంవర్కు, నిద్ర అన్నీ మిగిలిన టైములోనే. మొదటి వారం అందరి మొహాలూ పీక్కుపోయి ఉంటాయి. తర్వాత ఒంటికి అలవాటైపోతుంది.

నిద్ర లేపడానికి కూడా ఓ పద్ధతుంది. నాకు చాలా ఇష్టమైన పద్ధతి. మీ వాచ్‌కి అరగంట ముందు, పని మీదున్న జట్టులోంచి ఒకరు చిన్న ఎర్ర లైటు పట్టుకుని మీరు పడుకునే బంకు దగ్గరికి వస్తారు. పక్క బంకుల్లో వాళ్లు లేవకుండా మెల్లగా పేరు పెట్టి పిలుస్తారు. "పదిన్నరైంది. పదకొండుకి నీ వాచ్. గాలి పెరిగింది, చలిగా ఉంది, అప్పుడప్పుడూ జల్లు పడుతోంది, రెయిన్‌కోటు వేసుకో" అని చెప్తారు. మీరు స్పష్టంగా బదులు చెప్పేదాకా కదలరు. "ఊఁ" అంటే ఒప్పుకోరు, నిద్రలో ఎవరైనా "ఊఁ" అంటారు. మీరు పైకి వెళ్లాక, ఇందాక లేపిన మనిషి కిందికి వచ్చి పడుకుంటారు. ఇక ఆ ఓడలో సగానికి పైగా జనం మిమ్మల్ని నమ్ముకుని నిద్రపోతున్నట్టే. ఇరవై ఏళ్లు కూడా నిండని పిల్లల్ని నమ్మి అలా నిద్రపోయేవాళ్లు ఒడ్డు మీద ఎంతమంది ఉంటారు?

ఆ నమ్మకం గాల్లోంచి వచ్చింది కాదు. గంటకోసారి ఒకరు ఓడంతా తిరిగి చూస్తారు. అడుగున నీళ్లు చేరాయా, ఇంజన్ రూములో కొత్త వాసన గానీ కొత్త చప్పుడు గానీ ఉందా, ఎడమవైపు ఎర్ర దీపం, కుడివైపు పచ్చ దీపం వెలుగుతున్నాయా, కట్టిన సామాను ఎక్కడైనా వదులైందా అని. చూశాక లాగ్ పుస్తకంలో ఎక్కడున్నామో, ఎటు పోతున్నామో, గాలి ఎంత, వాయుపీడనం ఎంత అన్నీ రాస్తారు. గాలిని బోఫోర్ట్ స్కేలులో రాస్తారు, 0 నుంచి 12 వరకు. ఫ్రాన్సిస్ బోఫోర్ట్ అనే బ్రిటిష్ నౌకాధికారి 1805లో మొదలుపెట్టిన లెక్క అది. పరికరం లేకపోయినా అలల తల మీద నురగ చూసి అంకె చెప్పొచ్చు. వాయుపీడనం మూడు గంటలుగా దిగుతూ ఉంటే, గాలివాన వస్తోందేమో అని ఆ అంకెలు రాసిన పిల్లే ముందు గమనించాలి. పుస్తకంలో చదివిన వాతావరణం పాఠం అక్కడ పనికొస్తుంది.

చుక్కాని దగ్గర కొత్తవాళ్లంతా ఒకేలా తిప్పలు పడతారు. చక్రం తిప్పిన వెంటనే ఓడ తిరగదు. తిరగలేదు కదా అని ఇంకాస్త తిప్పుతారు. అప్పుడు తిరుగుతుంది, ఆగమన్నా ఆగదు. వెంటనే రెండోవైపు తిప్పుతారు. వెనక్కి చూస్తే నీళ్ల మీద దారి పాము పాకినట్టు ఉంటుంది. కంపాస్‌నే చూస్తూ ఉంటే ఇది నయం కాదు. రాత్రిపూట ముందున్న ఏదో ఒక నక్షత్రాన్ని స్తంభం పక్కన గురి పెట్టుకుని నడిపితే ఓడ నిదానిస్తుంది. అయితే ఆకాశం గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి కాసేపటికోసారి నక్షత్రాన్ని మార్చుకోవాలి. చుక్కాని ఒకరి నుంచి ఒకరు తీసుకునేటప్పుడు ఎటు నడపాలో ఆ డిగ్రీ పైకి చెప్పాలి, తీసుకున్నవాళ్లు తిరిగి చెప్పాలి. ఓడ మీద ప్రతి మాటకీ ఇలా తిరుగు మాట ఉంటుంది. గాలి హోరులో సగం మాటలు పోతాయి మరి.

జీపీఎస్ ఉంటుంది, ఎందుకుండదు. అయినా కోణాలు కొలిచే సెక్స్‌టెంట్ అనే పరికరం వాడటం నేర్పుతారు. మధ్యాహ్నం సూర్యుడు బాగా పైకెక్కినప్పుడు, అక్కడికీ దిగంతానికీ మధ్య కోణం కొలుస్తారు. మార్చి, సెప్టెంబర్ నెలల్లో పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజున ఆ కోణం 60 డిగ్రీలు వచ్చిందంటే, 90లోంచి తీసేస్తే మీరు 30వ అక్షాంశం మీద ఉన్నారు. మిగతా రోజుల్లో పట్టిక చూసి ఓ చిన్న కూడికో తీసివేతో చెయ్యాలి, అంతే తేడా. డిగ్రీలో అరవయ్యో వంతుకి ఒక నాటికల్ మైలు, అంటే 1852 మీటర్లు. చెయ్యి కొంచెం వణికితే లెక్కలో ఓడ నాలుగు మైళ్లు పక్కకి జరిగిపోతుంది. త్రికోణమితి ఎందుకూ పనికిరాదని మీలో ఎవరో రాశారు కదా, వాళ్లకి ఇది ప్రత్యేకంగా చెప్తున్నాను.

నేను ఓడ మీద పాఠాలు చెప్పింది ల్యాబ్ వైపు కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్తే ఏమనుకోకండి. రోజుకి రెండుసార్లు, మధ్యాహ్నం ఒకసారి, అర్ధరాత్రి ఒకసారి, నీటి మట్టానికి వల వేసి అరగంట లాగుతారు. వల కంత మిల్లీమీటరులో మూడో వంతు. పగటి వలలో పెద్దగా ఏమీ కనిపించకపోవచ్చు. అదే చోట అర్ధరాత్రి వేస్తే బకెట్ కళకళలాడుతుంది. పగలు వందల మీటర్ల కింద దాక్కున్న చిన్న జీవాలు చీకటి పడ్డాక మేత కోసం పైకి వస్తాయి, తెల్లారేలోపు దిగిపోతాయి. ప్రతిరోజూ, అన్ని సముద్రాల్లోనూ ఇదే వరస. వాటితోపాటు ఒంటి మీద దీపాలు పెట్టుకున్నట్టు మెరిసే చేపలు కూడా వలలో పడతాయి. ఒక్కోసారి నీళ్ల మీద పరుగెత్తే హాలోబేటిస్ అనే పురుగు దొరుకుతుంది. కీటకాలు లక్షల రకాలున్నా, ఒడ్డుకి దూరంగా నడిసముద్రంలో బతికేవి ఇవే.

తర్వాత అసలు పని. మైక్రోస్కోపు కింద వరసగా వంద జీవాల్ని లెక్కపెట్టి, ఏది ఏ రకమో రాయాలి. ఓడ ఊగుతూ ఉంటుంది, అద్దం కింద నీటిచుక్క ఊగుతూ ఉంటుంది, మీ కడుపూ ఊగుతూ ఉంటుంది. టైము తెల్లవారుజామున రెండు. డెబ్బైమూడో, డెబ్బైనాలుగో మర్చిపోతే మళ్లీ మొదలు. నిద్ర ముంచుకొచ్చి "సుమారుగా రాసేద్దాం" అనిపించే గంట అదే. నా కళ్లముందే ఒకమ్మాయి కళ్లు తుడుచుకుని మూడోసారి లెక్కపెట్టింది. నేనేమీ చెప్పలేదు, చెప్పాల్సిన పని కూడా పడలేదు.

ఇలాంటి లెక్కలు ఎవరు చూస్తారు అనుకోకండి. సీ ఎడ్యుకేషన్ అసోసియేషన్ ఓడల మీద 1986 నుంచి 2008 వరకు అట్లాంటిక్‌లో, కరీబియన్‌లో విద్యార్థులు వేసిన వలలు 6,100కి పైన. వాటిలోంచి ప్లాస్టిక్ ముక్కల్ని పట్టకారుతో ఒక్కొక్కటిగా ఏరారు, 64,000కి పైగా. ఆ లెక్కంతా కలిపి 2010లో సైన్స్ పత్రికలో వచ్చింది. బెర్ముడా చుట్టుపక్కల, సముద్ర ప్రవాహాలు సుడి తిరిగే చోట ప్లాస్టిక్ పోగుపడుతోందని తేలింది. అంతకంటే ఆశ్చర్యం, ప్రపంచంలో ప్లాస్టిక్ వాడకం అంత పెరిగినా నీటి మీద దాని సాంద్రత 22 ఏళ్లలో పెరిగినట్టు కనిపించలేదు. మరి మిగతాది ఎక్కడికి పోతోంది? ముక్కలై వల కంతల్లోంచి జారిపోతోందా, మునుగుతోందా, ఏవైనా తింటున్నాయా? ఆ ప్రశ్న వెనకాల శాస్త్రవేత్తలు ఇప్పటికీ పడుతున్నారు. వాళ్లకి ఆ ప్రశ్న అందించింది, అర్ధరాత్రి అర నిద్రలో బద్ధకించకుండా ముక్కలు ఏరిన పిల్లలు.

మొదట్లో అన్నీ ఆఫీసరు చెప్తే చేస్తారు. కొన్ని వారాలయ్యాక మీరు ఆఫీసరు వెంటే ఉంటూ ఆయన ఏం ఆలోచిస్తున్నారో గమనిస్తారు. చివరి దశలో వాచ్‌ని మీ చేతిలో పెడతారు. ఆఫీసరు పక్కనే ఉంటారు, కానీ నోరు మెదపరు. ఎప్పుడు చాప దించాలి, వల వేయడానికి ఓడని ఎప్పుడు నిదానింపజేయాలి, కెప్టెన్‌ని ఎప్పుడు లేపాలి అన్నవి మీరే తేల్చాలి. అన్నింటికంటే కష్టమైంది ఆఖరిది. నిద్రపోతున్న కెప్టెన్‌ని లేపాలంటే అందరికీ మొహమాటం, టెన్షన్. మంచి కెప్టెన్లు మొదటిరోజే చెప్తారు, అనుమానం వస్తే లేపండి, ఊరికే లేపారని ఎప్పుడూ తిట్టను అని.

ఇప్పుడు ఆ చట్టం సంగతి. 1961 మే నెలలో ఆల్బట్రాస్ అనే స్కూలు ఓడ గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ఉన్నట్టుండి వచ్చిన గాలికి ఒరిగి మునిగిపోయింది. నలుగురు విద్యార్థులు, ఇద్దరు సిబ్బంది చనిపోయారు. ఇలాంటి ఓడలు ఎంత ఒరిగినా తిరిగి నిలబడగలవా అన్న లెక్క గట్టిగా చూడాలన్న ఆలోచనకి, ఆ తర్వాత 1982 చట్టానికి ఆ ప్రమాదం ఒక పెద్ద కారణం. 2010 ఫిబ్రవరిలో కెనడా స్కూలు ఓడ కాంకోర్డియా బ్రెజిల్ దగ్గర బోల్తాపడింది. ఓడలో ఉన్న 64 మందీ బతికారు. లైఫ్‌రాఫ్టుల్లో ఒకటిన్నర రోజుకి పైగా తేలుతూ ఉండగా సరుకు ఓడలు వచ్చి ఎక్కించుకున్నాయి. గాలి ఎంత ఉంటే ఎన్ని చాపలు ఉంచొచ్చో చెప్పే పట్టికలు ఓడలో ఉన్నాయి, కానీ వాటిని వాడటంలో అధికారులకి శిక్షణ లేదని కెనడా దర్యాప్తులో తేలింది. మిమ్మల్ని భయపెట్టడానికి రాయడం లేదు. అమ్మానాన్నలు అప్లికేషన్ మీద సంతకం పెట్టేముందు ఏ కోర్సువాళ్లనైనా అడగాల్సినవి ఇవే: ఓడకి స్కూలు ఓడగా సర్టిఫికెట్ ఉందా, ఆ గాలి, చాపల పట్టికలు ఎవరికి నేర్పుతారు, మనిషి నీళ్లలో పడినప్పటి డ్రిల్లు, మంటల డ్రిల్లు ఎన్నిరోజులకోసారి చేయిస్తారు. ఈ ప్రశ్నలకి చిరాకు పడేవాళ్ల ఓడ ఎక్కొద్దు.

కడుపులో తిప్పడం గురించి అందరూ అడుగుతారు. కళ్లు ఒకటి చెప్తాయి, చెవి లోపలున్న సమతూకం ఇంకోటి చెప్తుంది, మెదడుకి తికమక. చాలామందికి రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. డెక్ మీద ఉండి దూరంగా దిగంతాన్ని చూడండి, కొద్దికొద్దిగా తినండి, చేతిలో పని ఆపకండి. వాంతి వస్తే గాలి పోయే వైపుకి వెళ్లండి, ఎదురుగాలి వైపు కాదు!

భోంచేసే బల్లలు ఓడతోపాటు ఒరగకుండా ఇరుసు మీద వేలాడుతూ ఉంటాయి. మీరు, మీ కుర్చీలు ఊగుతుంటే బల్ల మాత్రం సమంగా ఉంటుంది. చూడటానికి మాత్రం బల్లే ఊగుతున్నట్టుంటుంది. దాని మీద మోచెయ్యి ఆనించారో, అవతలివైపు పళ్లాలన్నీ ఒకరి ఒళ్లో పడతాయి.

సామాను సంగతి. పెట్టెలు వద్దు, మడిచి పెట్టుకునే బ్యాగు చాలు. బంకు దగ్గర చోటు తక్కువ. మంచి రెయిన్‌కోటు, కాలివేళ్లు కప్పే చెప్పులు, నీళ్లలో పడినా పాడుకాని వాచీ, పెన్సిళ్లు. ఇంక్ తడికి కారిపోతుంది. తలకి పెట్టుకునే లైటు ఎర్ర వెలుగు ఉన్నదే కొనండి. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటుపడటానికి అరగంట దాకా పడుతుంది, తెల్ల లైటు ఒక్కసారి వేస్తే జట్టు మొత్తం మళ్లీ గుడ్డివాళ్లవుతారు. ఫోను తెచ్చుకున్నా సిగ్నల్ ఉండదు. ఒడ్డు వదిలేముందే ఇంట్లోవాళ్లకి ఆ మాట చెప్పి ఉంచండి, లేకపోతే వాళ్లు కంగారుపడతారు.

ఇంకా ఏమైనా అడగాలంటే రాయండి. త్రికోణమితి మీద ఫిర్యాదు చేసినవాళ్లు ఆ 60 డిగ్రీల లెక్క చేసి పంపాలి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ