‘లేదు’ అని చెప్పాలంటే

ప్రియమైన పిల్లలకు,

సహజ పోలియో వైరస్‌తో (టీకాలోంచి వచ్చింది కాదు) కాలు చచ్చుబడిన చివరి పాప మన దేశంలో 2011 జనవరిలో, హౌరా జిల్లాలో కనబడింది. కానీ ‘ఇక్కడ పోలియో లేదు’ అన్న సర్టిఫికెట్ 2014 మార్చి 27న గానీ చేతికి రాలేదు. అన్నాళ్ళు ఎందుకు ఆగారంటారా? పోలియో వైరస్ సోకిన దాదాపు 200 మందిలో ఒకరికే పక్షవాతం వస్తుంది. మిగతావాళ్ళు హాయిగా ఆడుకుంటూనే ఉంటారు, వాళ్ళ మలంలో వైరస్ వారాల తరబడి పోతూనే ఉంటుంది. కుంటే పిల్లలు లేరు కదా అని వైరస్ కూడా లేదనుకుంటే కుదరదు. ‘లేదు’ అనే మాట ల్యాబ్ నుంచే రావాలి. ఆ మాటకి విలువ ఉండాలంటే, వైరస్ గనక ఉండి ఉంటే మాకు దొరికి తీరేదే అని కూడా ల్యాబ్ చూపించగలగాలి.

మొదట శాంపిల్. పదిహేనేళ్ళలోపు పిల్లలెవరికైనా కాలో చెయ్యో హఠాత్తుగా వాలిపోతే, డాక్టరుకి అది పోలియో కాదనిపించినా సరే, మలం తీసి పంపాల్సిందే. కనీసం 24 గంటల తేడాతో రెండుసార్లు తీయాలి. వైరస్ రోజూ ఒకేలా బయటికి రాదు, ఒకరోజు తప్పించుకున్నది రెండోరోజు దొరకొచ్చు. ఒక్కోసారికి 8 గ్రాములు, అంటే పెద్దవాళ్ళ బొటనవేలి కొసంత చాలు. పక్షవాతం మొదలైన 14 రోజులు దాటితే మలంలో వైరస్ పలచబడిపోతుంది. ఐస్ ప్యాకుల డబ్బాలో మూడు రోజుల్లో ల్యాబుకి చేరాలి. దారిలో ఐస్ కరిగి శాంపిల్ వేడెక్కితే వైరస్ చస్తుంది. అప్పుడు వచ్చే ‘లేదు’ ఉత్త మాట. అన్నట్టు, ఒకసారి శాంపిల్ మోసిన డబ్బాలో మళ్ళీ టీకాలు పెట్టకూడదు.

ల్యాబులో 2 గ్రాముల మలాన్ని 10 మిల్లీలీటర్ల ఉప్పు ద్రావణంలో వేసి, ఒక గ్రాము గాజుపూసలు, ఒక మిల్లీలీటరు క్లోరోఫాం కలిపి 20 నిమిషాలు గట్టిగా కుదుపుతారు. పూసలు ఉండల్ని చిదుపుతాయి. క్లోరోఫాం బాక్టీరియాని, బూజుని చంపుతుంది. పోలియో వైరస్‌కి కొవ్వు పొర లేదు కాబట్టి క్లోరోఫాం దాన్నేం చెయ్యలేదు. తర్వాత సెంట్రిఫ్యూజ్ అనే గిరగిరా తిప్పే యంత్రంలో తిప్పి, పైన తేరిన నీటిని బతికున్న కణాల మీద వేస్తారు.

నాకు అన్నిటికంటే నచ్చే భాగం ఈ కణాలే. ఆర్‌డీ అనే మనిషి కణాలు సత్రంలాంటివి, పేగుల్లో తిరిగే వైరస్‌లలో చాలావాటికి చోటిస్తాయి. అదే చిక్కు. వేరే వైరస్ తొందరగా పెరిగి పోలియోని మూల కూర్చోబెట్టేస్తుంది. ఎలుక కణాల్లోకి పోలియో వైరస్ దూరలేదు, అది పట్టుకుని లోపలికి వెళ్ళే తలుపు గడియలాంటిది వాటికి లేదు. మనిషి కణంలోని ఆ గడియ తాలూకు జన్యువుని 1989లో గుర్తించారు. దాన్ని ఎలుక కణాల్లో పెడితే ఎల్20బీ అనే కణాలు తయారయ్యాయి. ఇందులోకి పోలియో వస్తుంది, మిగతావి చాలామటుకు గుమ్మంలోనే ఆగిపోతాయి. అడెనోవైరస్‌లాంటివి అప్పుడప్పుడు దూరిపోతాయి గనక, ఎల్20బీలో కణాలు చెడిపోయాయని వెంటనే ‘పోలియో’ అని రాసెయ్యరు.

కణాలు గుండ్రంగా ముడుచుకుని గాజు నుంచి ఊడిపోతే వైరస్ పని చేస్తోందని అర్థం. కానీ ఒక్కరోజులోనే మొత్తం చచ్చిపోతే మలంలోని విషపదార్థం మీద అనుమానపడాలి. ఐదు రోజులు మైక్రోస్కోపులో చూసి, ఏమీ లేకపోయినా ఆ ద్రవాన్ని కొత్త కణాల మీద వేసి ఇంకో ఐదు రోజులు చూస్తారు. కణాలు కూడా ముసలివైపోతాయి పిల్లలూ. మార్చి మార్చి పెంచే కొద్దీ వైరస్‌ని పట్టే శక్తి తగ్గుతుంది. అందుకే సుమారు 15 సార్లయ్యాక వాటిని పారేసి, ద్రవ నత్రజనిలో దాచిన కొత్తవి తీస్తారు.

ఇంకో తనిఖీ చెప్తాను, వింటే ఆశ్చర్యపోతారు. పోలియో కాని పేగు వైరస్‌లు కనీసం నూటికి పది శాంపిళ్ళలో దొరకాలని ల్యాబులకు పెట్టిన లెక్క. అవీ దొరకట్లేదంటే దారిలోనో, ల్యాబులోనో ఏదో చెడిందని వెతకాలి.

దొరికింది పోలియోనే అయినా పని అయిపోదు. చుక్కల మందులో ఉన్నదీ బతికున్న, బలహీనపరిచిన పోలియో వైరసే కదా! పీసీఆర్ అనే జన్యుపరీక్షతో పోలియో మూడు రకాల్లో ఏదో, టీకాదో కాదో తేలుస్తారు. తర్వాత వైరస్ జన్యుసంకేతంలో వీపీ1 అనే భాగంలోని దాదాపు 900 అక్షరాలు చదువుతారు. ఏడాదికి అందులో నూటికి ఒకటి చొప్పున మారుతుంది, కాబట్టి అది ఎన్నాళ్ళుగా తిరుగుతోందో కూడా తెలుస్తుంది. టీకా వైరస్‌తో పోలిస్తే ఒకటి, మూడు రకాల్లో 10 అక్షరాలు, రెండో రకంలో 6 మారితే, బలహీనపరిచిన వైరస్ మళ్ళీ బలం పుంజుకుంటోందేమోనని ప్రమాద గంటే.

ఆ గంట 2016లో హైదరాబాద్‌లో మోగింది. ఏప్రిల్‌లో చుక్కల మందు నుంచి రెండో రకాన్ని తీసేశారు. మేలో తీసిన మురుగునీటిలో, మార్పులొచ్చిన రెండో రకం దొరికింది. ఏ పిల్లకీ కాలు పడిపోకముందే మురుగు చెప్పేసింది. జూన్‌లో మూడు లక్షలకు పైగా పిల్లలకి మామూలు మోతాదులో ఐదోవంతు, 0.1 మిల్లీలీటరు ఇంజెక్షన్ టీకాని చర్మంలోకి ఇచ్చారు.

కణాలు పెంచకుండా మలం నుంచే నేరుగా అక్షరాలు చదివే పద్ధతులూ వస్తున్నాయి, వారాల పని రోజుల్లో తేలుతుంది. అయితే శాంపిల్‌లో వైరస్ మరీ కొద్దిగా ఉంటే, దాన్ని లక్షల రెట్లు పెంచి చూపించే కణాల ట్యూబులు ఇప్పటికీ కావాలి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య