కొత్త కంప్యూటర్‌లో ఏం వేసుకోవాలి: పిల్లలకు పెద్దమ్మ ఉత్తరం

బాలాజీ కాలనీ,
తిరుపతి.

చిరంజీవులకు మీ పెద్దమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. మీ నాన్న చిత్తూరులో సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ ఒకటి తీసుకున్నారని, అందులో ఏ సాఫ్ట్‌వేర్లు వేసుకోవాలో రాసి పంపమని మీరిద్దరూ అడిగారు. పేర్లయితే ఫోన్లోనే చెప్పేదాన్ని. కానీ పేర్లు నాలుగేళ్లకోసారి మారిపోతాయి, ఎంచుకునే పద్ధతి తెలిస్తే మీరే చూసుకోగలరు. అందుకని ఈ ఉత్తరం.

ఏ ప్రోగ్రామ్ వేసుకునే ముందైనా నేను అడిగే మొదటి ప్రశ్న ఇది: రేపు ఇది మూతపడితే నేను ఇందులో దాచుకున్నది నా చేతికి వస్తుందా? బాగుందా, వేగంగా ఉందా, ఫ్రీయా అనేవి తరువాత చూస్తాను.

ఈ పట్టింపు నాకు యూనివర్సిటీ దగ్గర డీటీపీ సెంటర్ నడిపిన రోజుల్లో వచ్చింది. పరిశోధక విద్యార్థులు తమ థీసిస్‌లు చేతిరాత కట్టలుగా తెచ్చేవాళ్లు. టైపు చేసి, ప్రూఫులు దిద్ది, ప్రింట్లతో పాటు సీడీ కూడా ఇచ్చేవాళ్లం. అప్పటి డీటీపీ తెలుగు ఫాంట్ల పద్ధతి వేరు. కంప్యూటర్ లోపల నిల్వ ఉండేవి ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంకేతాలే. ఆ ఫాంట్ ఉన్నంతసేపు అవి తెలుగులా కనిపించేవి, ఫాంట్ లేని కంప్యూటర్‌లో అదే పేజీ అర్థం లేని గుర్తులతో నిండిపోయేది. చాలా ఏళ్ల తరువాత ఒక మాస్టారు తన థీసిస్‌ను పుస్తకంగా వేయించుకుందామని ఆ సీడీ పట్టుకుని వచ్చారు. సీడీ చెక్కుచెదరలేదు, ఫైలూ ఉంది. కానీ ఆ పేజీలు కట్టిన ప్రోగ్రామ్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది, ఫాంటు కొత్త విండోస్‌లో ఎక్కలేదు. చివరికి ప్రింటు కాపీ ముందు పెట్టుకుని, ఆయన ఏళ్ల తరబడి రాసిన దాన్ని మొదటి పేజీ నుంచి యూనికోడ్‌లో, అంటే ప్రతి భాష అక్షరాలకూ సొంత సంకేతాలు ఉండే పద్ధతిలో, మళ్లీ టైపు చేయాల్సి వచ్చింది. పేపర్ కాపీ కూడా లేకుండా పోయినవాళ్ల సంగతి తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

తెలుగుకు యూనికోడ్‌లో 1991 నాటి మొదటి వెర్షన్‌లోనే చోటు ఉంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంట్ కూడా ఇచ్చారు. అయినా మన ప్రింటింగ్ పనుల్లో పాత ఫాంట్లు చాలాకాలం నడిచాయి, ఇప్పటికీ కొన్నిచోట్ల నడుస్తున్నాయి. అందువల్ల మీరు రాసుకునే తెలుగు ఏదైనా యూనికోడ్‌లోనే రాయండి.

ఇక ఫీడ్ రీడర్ సంగతి. మీరు ఎంచుకున్న సైట్లలో కొత్తగా వచ్చినవి ఒకేచోటికి తెచ్చి చూపించే ప్రోగ్రామ్ అది. ఇది మీకు చాలా పనికొస్తుంది, కానీ మీ వయసువాళ్లలో దీని గురించి తెలిసినవాళ్లు తక్కువ. పెద్దోడికి కాలేజీ చదువుకు సంబంధించిన సైట్లు, చిన్నదానికి శ్రీహరికోట ప్రయోగాలు, అంతరిక్షం వార్తలు కావాలి. ప్రస్తుతం ఇద్దరూ ఏం చేస్తున్నారు? ఫోన్లో ఏ యాప్ ఏది చూపిస్తే అది చూస్తున్నారు. మీకు కావాల్సింది పైకి రావాలా, మిమ్మల్ని ఎక్కువసేపు కూర్చోబెట్టేది పైకి రావాలా అన్నది ఆ యాప్ తయారుచేసిన కంపెనీ నిర్ణయిస్తోంది. ఫీడ్ రీడర్‌లో ఆ నిర్ణయం మీది. పేపర్ ఏజెంటుకు ఏ పత్రికలు కావాలో ఒకసారి చెబితే పొద్దున్నే అవి మాత్రమే గుమ్మంలో పడతాయి చూడండి, అలా.

లోపల జరిగేది చాలా సరళం. సైటు తన కొత్త వ్యాసాల పేర్లు, తేదీలు, లింకులు, కొన్నిసార్లు వ్యాసం మొత్తాన్ని ఒక చిన్న ఫైలులో రాసి ఉంచుతుంది. దాన్నే ఫీడ్ అంటారు. మీ కంప్యూటర్‌లోని రీడర్ కొంతసేపటికోసారి వెళ్లి ఆ ఫైలు మారిందా అని అడుగుతుంది. మారకపోతే ఏమీ దించుకోకుండా తిరిగొస్తుంది, మారితే కొత్తవి తెచ్చి తేదీల వరుసలో పెడుతుంది. సైటుకు మీ ఈమెయిల్ ఇవ్వక్కర్లేదు, ఫోన్ నంబర్ ఇవ్వక్కర్లేదు. ఆర్‌ఎస్‌ఎస్ అనే ఈ పద్ధతి 1999లో నెట్‌స్కేప్ కంపెనీలో పుట్టింది. అదే పని చేసే ఆటమ్ అనే మరో పద్ధతికి 2005లో ప్రామాణిక రూపం వచ్చింది. మంచి రీడర్ ఏదైనా రెండింటినీ చదువుతుంది. మీరు వినే పాడ్‌కాస్టుల్లో ఎక్కువ భాగం నడిచేది కూడా ఆర్‌ఎస్‌ఎస్ మీదే.

వర్డ్‌ప్రెస్‌తో కట్టిన సైట్లకు మామూలుగా ఫీడ్ దానంతటదే తయారవుతుంది. బ్లాగర్‌లో ఉన్న తెలుగు బ్లాగులకు కూడా అంతే. తెలుగు వికీపీడియాలో ఇటీవలి మార్పుల పేజీకి ఫీడ్ ఉంది. యూట్యూబ్ ఛానళ్లకు కూడా ఉంది, కాబట్టి లెక్కల పాఠాలు చెప్పే ఛానల్ పెట్టుకుంటే పక్కన ఊరించే వీడియోల జాబితా లేకుండా కొత్త పాఠం మాత్రం వస్తుంది. అయితే అన్ని సైట్లలో ఫీడ్ దొరకదు. ఫలితాలు, ఫీజు గడువుల లాంటి వాటికి ఫీడ్ ఉంది కదా అని ధీమాగా కూర్చోవద్దు, కాలేజీ సైటు స్వయంగా తెరిచి చూడండి.

ఏ రీడర్ అంటే, మీకు థండర్‌బర్డ్ చెబుతాను. మెయిల్, ఫీడ్లు రెండూ ఒకేచోట చదువుకోవచ్చు, ఉచితం, సోర్స్ కోడ్ (ప్రోగ్రామ్‌ను రాసిన అసలు పాఠం) అందరికీ తెరిచే ఉంటుంది. చూడ్డానికి ఆకర్షణీయంగా ఉండదు. మెయిల్ పెట్టెలాంటి జాబితాలు, అంతే. ఒక లోటు మాత్రం నిజమైనది: కంప్యూటర్‌లో చదివేసిన వార్త ఫోన్లో కూడా చదివినట్టు గుర్తు పడదు. అది కావాలంటే ఖాతా తెరిచే ఆన్‌లైన్ రీడర్లు ఉన్నాయి. అక్కడ మీ జాబితా వాళ్ల సర్వర్‌లో ఉంటుంది.

అక్కడే నా మొదటి ప్రశ్న మళ్లీ వస్తుంది. 2005 అక్టోబరులో గూగుల్ రీడర్ అని ఒకటి మొదలైంది. ఎంతోమంది దానికి అలవాటుపడ్డారు. 2013 మార్చిలో మూసేస్తున్నామని ప్రకటించి, జులై 1న మూసేశారు. అంత పెద్ద కంపెనీ, నడుస్తున్న సర్వీసు, అయినా ఆగింది. కానీ ఆ జాబితాలు గాలిలో కలిసిపోలేదు. ఓపీఎంఎల్ అనే ఒక ఫైలులో ఎవరి జాబితా వాళ్లు దించుకునే వీలుంది. అది మామూలు టెక్స్ట్ ఫైలు, నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే సైట్ల పేర్లు, చిరునామాలు కంటికి కనిపిస్తాయి. దాన్ని వేరే రీడర్‌కు ఇస్తే జాబితా మొత్తం అక్కడ ప్రత్యక్షం. కాబట్టి ఏ రీడర్ ఎంచుకున్నా మొదటిరోజే మెనూలో ఓపీఎంఎల్ ఎక్స్‌పోర్ట్ ఎక్కడుందో వెతకండి. అది లేని రీడర్ ఎంత అందంగా ఉన్నా వద్దు. ఉంటే, రెండు ఫీడ్లు పెట్టి, ఫైలు తీసి, తెరిచి చూసి, ఆ తరువాతే మిగతావి చేర్చండి. మొదట పదికి మించి పెట్టుకోకండి. చదవనివి వేలల్లో పేరుకుంటే తెరవాలంటేనే టెన్షన్ పుడుతుంది.

ఇప్పుడు సిస్టమ్ యుటిలిటీలు, అంటే కంప్యూటర్‌నే చక్కబెట్టే చిన్న ప్రోగ్రాములు. ల్యాప్‌టాప్ అమ్మిన షాపులో స్పీడ్ పెంచేది, చెత్త ఊడ్చేది, డ్రైవర్లు వెతికేది, రెండో యాంటీవైరస్ అన్నీ వేసి ఇచ్చారని చిన్నది చెప్పింది. ముందు వాటిని తీసేయండి. ఇందులో నాకు ఏ సందేహమూ లేదు.

కారణం చెబుతాను. పాత కంప్యూటర్ నెమ్మదించడానికి తరచూ కనబడే కారణాలు రెండు: ర్యామ్ (నడుస్తున్న ప్రోగ్రాములు కూర్చునే తాత్కాలిక జ్ఞాపకం) చాలకపోవడం, లోపల తిరిగే హార్డ్ డిస్క్ ఉండటం. ర్యామ్ నిండితే విండోస్ కొంత భాగాన్ని డిస్క్ మీదికి నెడుతుంది, హార్డ్ డిస్క్ ఆ వేగాన్ని అందుకోలేదు. ఆన్ చేయగానే వాటంతటవే లేచి కూర్చునే ప్రోగ్రాములు ఎన్ని ఉంటే అంత ర్యామ్ పోతుంది. స్పీడ్ పెంచుతామనేవి కూడా అలా కూర్చునే వాటిలోవే. రిజిస్ట్రీ క్లీనర్లు ఇంకా దండగ. రిజిస్ట్రీ అంటే విండోస్ తన సెట్టింగులు రాసుకునే చోటు, అందులో లక్షల పద్దులు ఉంటాయి, వాటిలో కొన్ని వందలు తీసేసినంత మాత్రాన వేగం పెరగదు, తీయకూడనిది తీస్తే ఏదో ఒక ప్రోగ్రామ్ పాడవుతుంది. వాటి వాడకాన్ని తాము సమర్థించమని మైక్రోసాఫ్ట్ కూడా చెప్పింది. రెండో యాంటీవైరస్ వేస్తే విండోస్‌తో వచ్చిన డిఫెండర్ పక్కకు తప్పుకుంటుంది. మీకు డిఫెండర్ చాలు.

ఇలాంటి ప్రోగ్రాములకు కంప్యూటర్ మొత్తం మీద అధికారం ఇస్తాం, అది ఇంకో ప్రమాదం. 2017లో సీక్లీనర్ అనే చెత్త ఊడ్చే ప్రోగ్రామ్ 5.33 వెర్షన్‌లో దొంగ కోడ్ కలిసిపోయి, అధికారికంగా దించుకున్నవాళ్ల కంప్యూటర్లలోకే వెళ్లింది. దాదాపు 22 లక్షల 70 వేలమంది దగ్గరికి చేరిందని కంపెనీ లెక్క చెప్పింది. వాళ్లందరూ జాగ్రత్తపరులే, సరైన చోటు నుంచే తెచ్చుకున్నారు. అందుకే అవసరం లేని దానికి ఆ అధికారం ఇవ్వొద్దంటున్నాను.

మరి ఏం చేయాలి? కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో స్టార్టప్ భాగంలో అక్కర్లేనివి డిసేబుల్ చేయండి. ఏదో తెలియకపోతే ఆ పేరు వెతికి చదివాక చేయండి. ఖాళీ స్థలానికి సెట్టింగ్స్‌లో స్టోరేజ్ ఉంది. ఏ ఫోల్డర్ ఎంత తింటోందో బొమ్మలో చూడాలంటే విన్‌డిర్‌స్టాట్. ఫైళ్లు వెతకడానికి ఎవ్రీథింగ్ అనే చిన్న ప్రోగ్రామ్ చాలా మంచిది. డిస్క్‌లో ఫైళ్ల పేర్లు రాసి ఉండే పట్టికనే నేరుగా చదువుతుంది కాబట్టి టైపు చేస్తుండగానే చూపిస్తుంది. జిప్, రార్ ఫైళ్లకు సెవెన్-జిప్. వీడియోలకు వీఎల్‌సీ, అది పారిస్‌లో ఇంజనీరింగ్ విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలై 2001లో అందరికీ ఉచితమైంది. నేను చెప్పేవి ఇంతే. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ స్నేహితులు ఇచ్చినా తీసుకోకండి, అందులో ఇంకేం కలిపారో ఇచ్చినవాళ్లకే తెలియదు.

దించుకునేటప్పుడు తయారుచేసినవాళ్ల సొంత సైటుకే వెళ్లండి. వెతికితే అన్నిటికన్నా పైన వచ్చేది చాలాసార్లు ప్రకటన. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోకుండా ప్రతి టిక్కు పక్కన ఏముందో చదవండి. 2015లో ఉచిత సాఫ్ట్‌వేర్లు దించుకునే సోర్స్‌ఫోర్జ్ లాంటి పేరున్న సైటులో కూడా, గింప్ అనే బొమ్మలు దిద్దే ప్రోగ్రామ్ ఇన్‌స్టాలర్‌కు ప్రకటనల ప్రోగ్రాములు తగిలించారు. ఒక రోజుకు ఒకటే వేయండి. తేడా వస్తే దేనివల్లో తెలుస్తుంది.

ఇంకొక పరీక్ష, ఇది మన తెలుగువాళ్ల కోసం. కొత్త ప్రోగ్రామ్ వేయగానే "స్వర్ణముఖి" అని పేరు పెట్టిన ఒక ఫైలు దానికి ఇచ్చి చూడండి. ఒత్తు, గుణింతం సరిగ్గా రావాలి, అదే పేరుతో వెతికితే దొరకాలి. యూనికోడ్‌కు ముందు పద్ధతిలో విండోస్‌లో కొన్ని భాషలకు సంకేతాల పట్టికలు ఉండేవి, ఆ ప్రోగ్రాములు వాడుకునే అలాంటి పట్టిక తెలుగుకు లేదు. అందువల్ల ఆ పాత పద్ధతిలో రాసిన ప్రోగ్రాముల్లో తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి. అలాంటి దానితో బ్యాకప్ తీశారంటే ఫైళ్ల పేర్లు పోతాయి. పేరు చూపించలేని దాన్ని అప్పుడే తీసేయండి.

విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 పాత ప్రాసెసర్లను ఒప్పుకోదు. కాబట్టి మీ ల్యాప్‌టాప్ మోడల్ నాకు రాయండి. దాంతోపాటు ప్రాసెసర్ పేరు, ర్యామ్ ఎంతో, లోపల హార్డ్ డిస్కో ఎస్‌ఎస్‌డీయో (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) టాస్క్ మేనేజర్‌లోని పెర్ఫార్మెన్స్ భాగంలో చూసి రాయండి. హార్డ్ డిస్క్ అయితే ఎస్‌ఎస్‌డీకి మార్పించమని మీ నాన్నతో నేను మాట్లాడతాను. విండోస్ 11 పడకపోతే, విండోస్ బదులు వేసుకునే ఉచిత సిస్టమ్ లినక్స్ మింట్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ సిద్ధం చేసి, మీ అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు ఇచ్చి పంపుతాను. థండర్‌బర్డ్, వీఎల్‌సీ అందులోనూ నడుస్తాయి, మీ ఓపీఎంఎల్ ఫైలు అక్కడ కూడా తెరుచుకుంటుంది.

మీ
పెద్దమ్మ