వ్యాను గట్టర్‌లో దాగిన ఉప్పు

మా పాత వ్యాను టాపు అంచున చుట్టూరా వేలు పట్టేంత గాడి ఉంటుంది. మెకానిక్కులు దాన్ని గట్టర్ అంటారు. టాపు రేకునీ పక్క రేకునీ కలిపి స్పాట్ వెల్డింగ్ చేసి, ఆ అంచునే పైకి మడిచారు. వాన నీళ్లు తలుపుల మీద పడకుండా ఆ గాడిలోంచి పక్కకు పోతాయి. లోపల మంచం, చిన్న గ్యాస్ పొయ్యి, నీళ్ల డ్రమ్ము బిగించుకున్నాం. వీలు దొరికితే ఒంగోలు నుంచి కొత్తపట్నం వెళ్లి, సరుగుడు తోపు పక్కన ఆపుకుని రాత్రి అక్కడే పడుకుంటాం.

ఆ గట్టర్‌కి తుప్పు పట్టింది. వానలకు ముందు నేనే గీకి, పుట్టీ పెట్టి, రంగేశాను. మా తీరంలో అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతోనే. అవి వెళ్లేసరికి రంగు బొబ్బలెక్కింది. సంక్రాంతి నాటికి టీ డికాషన్ లాంటి చార ఒకటి కిటికీ అద్దం మీదికి దిగింది. టింకరింగ్ మేస్త్రి స్క్రూడ్రైవర్‌తో నా పుట్టీని మెల్లగా నొక్కాడు. అప్పడంలా విరిగింది. కింద గుప్పెడు తుప్పు పెళ్లలు, వేలు దూరేంత బొక్క.

"పైన పూస్తే లోపల తింటానే ఉంటది అన్నా" అన్నాడు. ఆ మాట వెనక మంచి సైన్సు ఉంది.

ఇనుము తుప్పు పట్టాలంటే నీళ్లూ ఆక్సిజనూ రెండూ కావాలి. కాబట్టి గాలి బాగా తగిలే చోటే తుప్పు రేకుని ఎక్కువ తినాలి అనిపిస్తుంది. నిజానికి జరిగేది వేరు. కేంబ్రిడ్జిలో పనిచేసిన యూలిక్ ఎవాన్స్ అనే శాస్త్రవేత్త దీన్ని ఒక్క ఉప్పునీటి బొట్టుతో చూపించాడు. బాగా పాలిష్ చేసిన ఇనప రేకు మీద ఉప్పునీటి బొట్టు వేసి వదిలేయండి. బొట్టు అంచు పల్చగా ఉంటుంది కాబట్టి గాలిలోని ఆక్సిజన్ అక్కడికి తేలిగ్గా చేరుతుంది. నడుమ మందంగా ఉంటుంది, అక్కడికి అంతగా చేరదు. కాసేపటికి అంచుకీ నడుమకీ మధ్య గోధుమరంగు వలయం కనిపిస్తుంది. బొట్టు తుడిచి చూస్తే గుంట పడింది మాత్రం నడుమే. ఆక్సిజన్ తక్కువైన చోట ఇనుము ఎలక్ట్రాన్లను వదిలేసి నీళ్లలో కరుగుతుంది. ఆ ఎలక్ట్రాన్లు రేకు గుండా అంచుకు పోయి అక్కడి ఆక్సిజన్‌తో కలుస్తాయి. అంటే ఆ బొట్టు ఒక బుల్లి బ్యాటరీ. రేకు కరిగేది ఒకచోట, తుప్పు పేరుకునేది ఇంకోచోట.

గట్టర్‌లో రెండు రేకులు అతుక్కున్న సందు, బొట్టు నడుమ లాంటిదే. నేను పెట్టిన పుట్టీ ఆ సందుని ఇంకా మూసేసింది. ఆ పుట్టీ కూడా కొంచెం కొంచెంగా తేమ పీలుస్తుంది. పైగా తుప్పు, తాను పుట్టిన ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది. అందుకే రేకులు ఎడంగా జరుగుతాయి, రంగు బొబ్బలెక్కుతుంది, సందు పెద్దదై మళ్లీ నీళ్లు దూరతాయి.

ఇక ఉప్పు సంగతి. వానాకాలం వంటింటి డబ్బాలో కల్లుప్పు చెమ్మగిల్లి నీళ్లూరుతుంది కదా. శుద్ధమైన ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే కరగడం మొదలుపెడుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. దానికి సుమారు 33 శాతం తేమ చాలు. అంటే కొత్తపట్నం గాలి తెచ్చి గట్టర్‌లో పోసిన ఉప్పు, వాన పడని రోజుల్లోనూ రేకుని తడిగానే ఉంచుతుంది. దానికి తోడు సరుగుడు పుల్లలు. తోపు కింద నాలుగు రాత్రులు ఆపితే గాడి నిండా పరుచుకుని, తడిని స్పాంజిలా పట్టుకుంటాయి. ఇన్నాళ్లూ నేను వాటిని చెత్త అనుకుని ఊరుకున్నాను.

రెండోసారి పని మేస్త్రి చేతుల మీద జరిగింది. ముందు బ్యాటరీ వైరు తీసేశాడు, లోపలి ఫోమూ గుడ్డలూ బయట పడేయించాడు. వెల్డింగ్ నిప్పురవ్వకి అవే మొదట అంటుకుంటాయి. పాత రంగుల్లో సీసం ఉండొచ్చని నేను మాస్కులు తెచ్చాను. పాత సీలెంటు మొత్తం పెళ్లగించి, వైర్ బ్రష్ కొట్టి, తుప్పు తిన్న రేకుని గట్టి రేకు తగిలేదాకా కోసి, కొత్త ముక్క అతికాడు.

ఆ తర్వాత నేను పట్టుబట్టింది ఒకటే, కడగడం. ఉప్పులోని క్లోరైడు తుప్పు గుంటల అడుగున దాక్కుంటుంది. బ్రష్‌కి అది రాదు, నీళ్లకే వస్తుంది. మా బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి కాబట్టి మంచినీళ్ల క్యాన్లు తెప్పించి మూడుసార్లు కడిగి, వేడిగాలితో ఆరబెట్టాం.

గుంటల్లో మిగిలిన కాస్త తుప్పుకి ట్యానిన్ అనే వగరు పదార్థం ఉన్న ద్రావణం పూశాం. గోధుమరంగు చూస్తుండగానే నీలి నలుపుకి తిరిగింది. ఇది మనకు కొత్తేమీ కాదు. నెల్లూరు దాటి శ్రీకాళహస్తి వెళ్తే, కలంకారీ వాళ్లు కరక్కాయ రసంలో ముంచిన బట్ట మీద, తుప్పు ఇనుమూ బెల్లమూ నానబెట్టిన నీళ్లతో నల్ల గీత గీస్తారు. కరక్కాయలోని ట్యానిన్ ఇనుముతో కలిస్తే వచ్చే నలుపే అది. బట్ట మీద ఏళ్ల తరబడి నిలిచే ఆ నలుపుని మా గట్టర్‌లో చూసి ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

ఆరాక రేకుకి అడుగు పూతగా ఎపాక్సీ ప్రైమర్, సందులో అతుకు మూసే సీమ్ సీలర్, పైన రంగు. ఘాటైన వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ మాత్రం వద్దన్నాను. అది ఆరుతూ ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, ఇనుముకి అది పడదు.

చివర్లో మేస్త్రి నిచ్చెనెక్కి, ముందు వైపు గాడిలో ఒక చెంబు నీళ్లు పోశాడు. వెనక మూల నేను దోసిలి పట్టి నిలబడ్డాను. సన్నటి ధార ఆగకుండా దిగి, చివరి చుక్క దాకా నా చేతుల్లో పడింది.