సిద్ధాంతం చదివాకే కళను చూడాలా? సమకాలీన కళాధ్యయనంలో అపోహలు, వాస్తవాలు

సమకాలీన కళను, దాని చుట్టూ అల్లుకున్న ఆలోచనాధారలను బోధించడం నా వృత్తి. ప్రతి ఏటా కొత్తగా చేరినవారు నన్ను ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: "మొదట ఏయే సిద్ధాంతాలు చదవాలి?" నిర్మాణవాదం, మనోవిశ్లేషణ, స్త్రీవాదం, వలసవాదానంతర విమర్శ, ఇవన్నీ పూర్తిచేసేదాకా ఒక చిత్రం గురించి నోరు విప్పే అర్హత తమకు లేదన్న భయం ఆ ప్రశ్నలో దాగి ఉంటుంది. ఈ రంగంలో అడుగుపెట్టినవారిని వెనుదిరిగేలా చేయడంలో మిగతా అపోహలన్నీ కలిసినా దీనికి సాటిరావు.

ఏ సిద్ధాంతమైనా ఒకానొక కాలంలో ఎవరికో ఎదురైన చిక్కుకు సమాధానంగా పుట్టినదే. ఆ చిక్కు మనకు తగలకముందే సమాధానాన్ని కంఠస్థం చేస్తే పరీక్షలో మార్కులు వస్తాయేమో గానీ చూపు పదునెక్కదు. వాషింగ్టన్‌లోని వియత్నాం యుద్ధ స్మారకాన్నే తీసుకోండి. 1981లో జరిగిన పోటీలో, రూపకర్తల పేర్లు తెలియకుండా పరిశీలించిన 1,421 నమూనాలలో నుంచి న్యాయనిర్ణేతలు ఎంచుకున్నది మాయా లిన్ అనే 21 ఏళ్ల విద్యార్థిని రూపకల్పన. నేలలోకి దిగినట్లుండే రెండు నల్లరాతి గోడలు, వాటి మీద మృతుల, గల్లంతైనవారి పేర్లు, అంతే. ఆ నమూనాలో వీరుడి విగ్రహం లేదు. ఇప్పుడు అక్కడ 58 వేలకు పైగా పేర్లున్నాయి. అవి హోదాను బట్టి గానీ అక్షరక్రమంలో గానీ కాక, ప్రాణం కోల్పోయిన లేదా గల్లంతైన తేదీల వరుసలో ఉన్నాయి. కాబట్టి ఒకే రోజు కూలినవారు పక్కపక్కనే ఉంటారు. నునుపైన ఆ రాతిలో చదువుతున్నవారి ముఖం కూడా పేర్ల మధ్య ప్రతిబింబిస్తుంది.

ఇంతవరకు గమనించడానికి ఏ పుస్తకమూ అవసరం లేదు. అయితే ఇంత గమనించిన తరువాత ప్రశ్నలు వాటంతటవే వస్తాయి. హోదాలు తీసివేస్తే స్మరణ స్వభావం ఎలా మారుతుంది? ఇక్కడ శోకిస్తున్నది దేశమా, కుటుంబమా? ఈ గోడ తమను అవమానిస్తోందని కొందరు మాజీ సైనికులు ఎందుకు భావించారు, రాజీగా 1984లో ముగ్గురు సైనికుల కాంస్య విగ్రహాన్ని సమీపంలో ఎందుకు నిలపవలసి వచ్చింది? సామూహిక స్మృతి గురించి ఆలోచనాపరులు రాసినది అప్పుడు చదివితే, ప్రతి పుటా మన ప్రశ్నతోనే మాట్లాడుతుంది.

ఒక విద్యార్థిని నోటుపుస్తకాల నిండా ఉటంకింపులతో నా వద్దకు వచ్చింది. సొంత వాక్యం ఒక్కటీ లేదు. స్పెయిన్ అంతర్యుద్ధంలో బాంబుదాడికి గురైన గెర్నికా పట్టణం పేరుతో పికాసో గీసిన చిత్రం ప్రతిని ఆమె ముందుంచి, కంటికి కనిపించేది మాత్రమే రాయమన్నాను. ఆమె మొదట "యుద్ధ బీభత్సం" అని రాసింది. అది కనిపించేది కాదు, తెలిసినది అన్నాను. కాసేపటికి అసలు పరిశీలన మొదలైంది: వైమానిక దాడికి స్పందనగా గీసిన చిత్రంలో విమానం లేదు, బాంబు లేదు, రంగులు లేవు, గుర్రం దేహం మీది సన్నని గీతలు వార్తాపత్రికలోని అచ్చును తలపిస్తున్నాయి. దాడి జరిగినది 1937 ఏప్రిల్ 26న. ఆ వార్తను పికాసో పత్రికలలో చదివాడని చెప్పగానే, వార్తాచిత్రాల గురించి ఏం చదవాలో ఆమే అడిగింది. ఆ బొమ్మ తయారవుతున్న దశలను ఫొటోగ్రాఫర్ డోరా మార్ ఫొటోలు తీసింది. తొలి దశలో పైకెత్తిన పిడికిలి ఉంది, చివరికి లేదు. సామాజిక సమస్యల మీద కళ అంటే నినాదమే అనేవారికి నేను ఈ ఫొటోలు చూపిస్తాను. నినాదానికి దగ్గరగా ఉన్నదాన్నే చిత్రకారుడు తుడిచివేశాడు.

మిగిలిన అపోహలకు ఇంత చోటు అక్కరలేదు. "ఇది మా పిల్లవాడూ చేయగలడు" అన్న మాటకు ఎప్పుడూ గురయ్యేది ఫ్రెంచి కళాకారుడు మార్సెల్ డ్యూషాంప్ 1917లో న్యూయార్క్‌లోని ఒక కళాకారుల సంఘం ప్రదర్శనకు కళాకృతిగా పంపిన మూత్రశాల పింగాణీ పాత్ర. రుసుము చెల్లించిన ప్రతి ఒక్కరి కృతినీ ప్రదర్శిస్తామని ప్రకటించిన సంఘం మాట మీద నిలబడుతుందా లేదా అన్నది అక్కడ పరీక్షకు వచ్చింది, సంఘం నిలబడలేదు. ఇటలీ కళాకారుడు మౌరిజియో కాటెలాన్ గోడకు టేపుతో అంటించిన అరటిపండు భారీ ధరకు అమ్ముడైన వార్తను ఏటా ఎవరో ఒకరు నాకు పంపి, కళంతా మోసమేనని తేల్చేస్తారు. ఆ కృతిని కొన్నవారికి దక్కేది ధ్రువీకరణ పత్రం, అమర్చే సూచనలు. పండును మార్చుకుంటూ ఉండవచ్చు. దాని ధర మీద ఆగ్రహం న్యాయమే కావచ్చు, కానీ ఒక వేలం పాటను చూసి రంగమంతటికీ తీర్పు చెప్పడం సోమరితనం. ఆధునికోత్తరవాదం అంటే సత్యమే లేదనడం కూడా ఇటువంటి పుకారే. ఆ వాదం చేసినట్లు, అన్నింటినీ ఒకే మహాకథనంతో, అంటే ఒకే పెద్ద కథతో, వివరించగలమన్న ధీమాను శంకించడం వేరు, జరిగినది జరగలేదనడం వేరు.

సిద్ధాంత గ్రంథంలో ఒక పుట అర్థం కాకపోతే తమకు తెలివి చాలదని కుమిలిపోయేవారిని చాలామందిని చూశాను. అటువంటి రచనలలో చాలా భాగం అప్పటికే నడుస్తున్న వాదంలో ఎవరికో ఇచ్చిన జవాబులు. అవతలి పక్షం మాట వినకపోతే ఎంతటివారికైనా సగమే అందుతుంది. రచయిత ఎవరితో తగవు పడుతున్నాడో ముందు వెతకండి. అది దొరకకపోతే ఆ పుస్తకాన్ని పక్కన పెట్టి, మీరు చూస్తున్న కృతి దగ్గరకు తిరిగి వెళ్లండి.